దిగబడిన బండి, సాగే తాడు

బురదలోనో ఇసుకలోనో చక్రాలు దిగబడి కదలలేకపోయిన వాహనాన్ని మరొక వాహనంతో బయటికి లాగడానికి వాడే నేత పట్టీని తయారీదారులు రికవరీ స్ట్రాప్ అంటారు. మన మెకానిక్కుల నోట, లారీ డ్రైవర్ల నోట అది ఉత్త బెల్టు. మూడు నాలుగు వేళ్ల వెడల్పు, సుమారు తొమ్మిది మీటర్ల పొడవు, రెండు చివరలా మడిచి కుట్టిన కన్నులు తప్ప పైకి అందులో విశేషమేమీ కనబడదు. అయితే బండిని లాగే తాడు నారతో మొదలై, ఇనుమై, చివరికి నైలాన్‌గా మారడానికి రెండు శతాబ్దాల చరిత్ర నడవవలసి వచ్చింది. ఆ కాలంలో అత్యధిక భాగం మనుషులు మరింత బలమైన తాడు కోసమే వెదికారు. సాగే తాడుకు విలువ ఉందని తెలిసింది చాలా ఆలస్యంగా, అదీ ఒక ప్రపంచ యుద్ధం అవసరాల వల్ల. ఆ సాగుడులోనే ప్రాణాంతకమైన శక్తి దాగి ఉంటుందని సామాన్య వాహనదారుకు తెలిసింది ఇంకా ఆలస్యంగా, కొన్ని ప్రాణాలు పోయిన తరువాత.

నల్లరేగడి నేలల మీద వానాకాలంలో బండి నడిపిన రైతుకు దిగబడటం అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. తడిసిన రేగడి చక్రాన్ని కింద నుంచి పట్టుకోవడమే కాక, ఆకుల మధ్య చేరి చక్రాన్నే ఒక మట్టిముద్దగా మార్చివేస్తుంది. అటువంటి బండిని కదిలించడానికి ముందు బరువు దింపేవారు, తరువాత చక్రాల ముందు మట్టి తవ్వి కంపో రాయో వేసేవారు, అప్పటికీ కదలకపోతే మరొక జత ఎడ్లను మోకుతో ముందు కట్టి లాగించేవారు. ఈ వరుసను గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే ఇరవయ్యవ శతాబ్దపు సైన్యాలు ఎడారిలో నేర్చుకున్న పాఠం కూడా దాదాపు ఇదే. మోకు అంటే అనేక పురులు కలిపి పేనిన లావాటి తాడు. పలుపు, పగ్గం, చేంతాడు, వెంటి అంటూ పనినిబట్టి, నారనుబట్టి తాళ్లకు తెలుగులో వేరువేరు పేర్లు ఏర్పడ్డాయి. ఆకును గోంగూరగా వండుకునే గోగు మొక్క కాండం నుంచి గోగునార, పచ్చిరొట్టగా పొలంలో కలియదున్నే జనుము నుంచి జనపనార, కోస్తా తీరంలో కొబ్బరి పీచు వచ్చేవి. తెగేదాకా లాగకూడదనే మాట తగవులకు వాడే నుడికారంగా స్థిరపడింది గాని, అది మొదట తాడును ఎరిగినవారి మాట. నారతాడు తెగబోయే ముందు కిరకిరలాడుతుంది, ఒక్కొక్క పురి విడిపోతుంది, పీచు లేస్తుంది. పక్కన నిలబడ్డవాడికి తప్పుకునే వ్యవధి చాలాసార్లు దొరుకుతుంది.

భారతదేశపు నారలను బలం కోసం కొలిచి పోల్చిన తొలి శాస్త్రజ్ఞులలో ఒకరికి తెలుగుదేశంతో గాఢమైన సంబంధం ఉంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను నడిపి, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్, రష్యా నుంచి వచ్చే హెంప్ నారకు బదులు ఏ భారతీయ నార పనికివస్తుందో తేల్చడానికి జనుము మొదలైన అనేక మొక్కల నారలను తాళ్లుగా పేనించి, బరువులు కట్టి, ఏది ఎంత బరువుకు తెగుతుందో నమోదు చేశారు. బ్రిటిష్ నౌకాదళానికి కావలసిన తాళ్లకు రష్యా నారే ఆధారం కావడం ఆ ప్రయోగాల వెనుక ఉన్న ఆందోళన. క్రిమియా యుద్ధకాలంలో ఆ భయం నిజమయ్యే స్థితి రాగా, 1855లో జాన్ ఫోర్బ్స్ రాయిల్ భారతదేశపు నారమొక్కల మీద ఒక పెద్ద గ్రంథమే ప్రచురించారు. ఈ పరీక్షలన్నింటిలో ప్రధానమైన ప్రశ్న ఒకటే: తాడు ఎంత బరువుకు తెగుతుంది? తెగేలోపల అది ఎంత సాగుతుంది, సాగినప్పుడు దానిలో చేరిన శక్తి తెగినప్పుడు ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నలు ఇంకా ముందుకు రాలేదు.

తాడు తెగినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న మొదట గనులలో, మరో రూపంలో ఎదురైంది. జర్మనీలోని హార్జ్ కొండల గనులలో ఖనిజాన్ని పైకి లాగే ఇనుప గొలుసులు ముందస్తు సూచన లేకుండా తెగిపోయేవి, ఎందుకంటే గొలుసుకు ఎన్ని లంకెలున్నా దాని బలం అన్నింటికన్నా బలహీనమైన ఒక్క లంకెదే. క్లౌస్తాల్‌లో గనుల అధికారిగా ఉన్న విల్‌హెల్మ్ ఆల్బర్ట్ 1834లో ఇనుప తీగలను పురులుగా పేని తాడు చేయించారు. అందులో ఒక తీగ తెగినా మిగిలినవి భారం మోస్తాయి, తెగిన తీగ కొన పైకి పొడుచుకువచ్చి తాడు అరిగిపోయిందని చెబుతుంది. ఇనుప తాడు చేసిన అసలు మేలు బలం పెంచడం కన్నా ఈ ముందస్తు హెచ్చరికను ఇవ్వడమే అనవచ్చు. అయితే ఆ తాడు దాదాపు సాగదు. గనిలో నెమ్మదిగా బరువెత్తడానికి అది గుణమే గాని, కదులుతున్న ఒక వాహనం నిలిచిపోయిన మరొక వాహనాన్ని దానితో కుదిపి లాగితే ఆ కుదుపంతా ఒక్క క్షణంలో కొక్కేల మీద, చట్రం మీద పడుతుంది.

మోటారు వాహనాలు పెరిగేసరికి దిగబడిన వాటిని, బోల్తాపడిన వాటిని బయటికి తీయడం ఒక వృత్తి అయింది. అమెరికాలో టెనెసీ రాష్ట్రపు చట్టనూగా పట్టణంలో గ్యారేజీ నడిపిన ఎర్నెస్ట్ హోమ్స్, ఒక వాగులో పడిన కారును మనుషులతో, తాళ్లతో, కప్పీలతో చాలా గంటలు శ్రమపడి బయటికి తీయించిన తరువాత, 1916లో 1913 నాటి కాడిలాక్ కారు చట్రం మీద మూడు స్తంభాలు, ఒక కప్పీ, ఒక గొలుసు అమర్చి తొలి రెక్కర్ బండిని తయారుచేశారు. ఆ వాహనాల చరిత్రకు అంకితమైన ప్రదర్శనశాల నేటికీ ఆ ఊళ్లోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్లాండర్స్ బురదలో కూరుకుపోయే బ్రిటిష్ టాంకులచేత 1917 నాటికి పైకప్పు మీద ఒక బరువైన దూలాన్ని మోయించేవారు; టాంకు దిగబడినప్పుడు ఆ దూలాన్ని రెండువైపుల ఇనుప పట్టాలకు గొలుసులతో బిగిస్తే, పట్టాలు తిరిగేకొద్దీ దూలం కిందికి చేరి టాంకుకు ఆనిక అయ్యేది. అక్కడ పరిష్కారం లాగడం కాదు, కింద పట్టు కల్పించడం.

అదే సూత్రాన్ని రాల్ఫ్ బాగ్నోల్డ్ ఇసుకకు వర్తింపజేశారు. 1920ల చివర, 1930ల తొలి సంవత్సరాలలో ఫోర్డ్ కార్లతో లిబియా ఎడారిలో తిరిగిన ఈ బ్రిటిష్ సైనికాధికారి, కైరోలో పాత ఇనుము అమ్మే అంగడిలో దొరికిన ఉక్కు పలకలను చక్రాల కిందికి తోసి, టైర్లలో గాలి తగ్గించి, కార్లను మెత్తని ఇసుక దాటించారు. 1940లో ఆయన ఈజిప్టులో నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే సైనికదళం ఈ పద్ధతితోనే వేల కిలోమీటర్ల ఎడారిని దాటింది, గాలి ఎగరేసే ఇసుక మీద ఆయన రాసిన శాస్త్రగ్రంథం 1941లో వెలువడింది. గాలి తీయడం, తవ్వడం, పలక వేయడం అయ్యాకనే లాగడం అన్న ఆయన క్రమం, బరువు దింపి, మట్టి తవ్వి, కంప వేసి, ఆ తరువాతనే రెండో జతను కట్టిన రేగడి రైతు క్రమానికి ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు.

తాడు స్వభావాన్నే మార్చిన పదార్థం ఒక రసాయన ప్రయోగశాలలో పుట్టింది. అమెరికాలోని డూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ బృందం 1935 ఫిబ్రవరి 28న నైలాన్‌ను తయారుచేసింది. 1938లో సంస్థ దాన్ని లోకానికి ప్రకటించింది, 1940లో ఆడవారి మేజోళ్లుగా అది దుకాణాలకు చేరింది. 1942లో జపాన్ ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించడంతో అరటిజాతి మొక్క నుంచి తీసే మనీలా నార అమెరికాకు అందకుండా పోయింది, జపాన్ పట్టు అంతకుముందే ఆగిపోయింది. ఆ ఏడాదే నైలాన్ మొత్తం సైనికావసరాలకు మళ్లింది. పారాషూట్లతో పాటు గ్లైడర్లను లాగే తాళ్లు కూడా నైలాన్‌తో తయారయ్యాయి. గ్లైడర్ అంటే ఇంజన్ లేని విమానం. దాన్ని మరొక విమానం తాడుతో లాగి గాలిలోకి లేపుతుంది. నేల మీద కదలకుండా నిలబడిన గ్లైడర్ తాడును రెండు గుంజల మధ్య ఉచ్చులా వేలాడదీస్తే, తక్కువ ఎత్తులో దూసుకువచ్చే విమానం కొక్కెంతో ఆ ఉచ్చును అందుకుని గ్లైడర్‌ను ఎత్తుకుపోయే పద్ధతిని ఆ యుద్ధంలోనే అమలుచేశారు. విమానంలో బ్రేకు ఉన్న చుట్టు కొంత కుదుపును, సాగే నైలాన్ మిగిలిన కుదుపును మింగబట్టి అది సాధ్యమైంది. ఆ పద్ధతిని స్నాచ్ అన్నారు, అంటే లాక్కుపోవడం. వాహనాలను లాగే సాగుడు బెల్టును నేడు స్నాచ్ స్ట్రాప్ అంటున్నదీ ఆ మాటతోనే.

సాగుడుకు కూడా హద్దు ఉందన్న సంగతి భారతదేశం నుంచి సాగిన ఒక దాడిలోనే రుజువైంది. 1944 మార్చి 5న అస్సాంలోని లాలాఘాట్ నుంచి చిండిట్లు అనే బ్రిటిష్ దళాలను బర్మాలోకి దింపడానికి బయలుదేరిన అమెరికా విమానాలు ఒక్కొక్కటి రెండేసి గ్లైడర్లను లాగాయి. బరువు మితిమీరడం వల్ల దారిలో నైలాన్ తాళ్లు తెగి అనేక గ్లైడర్లు గమ్యం చేరకుండానే చీకట్లో నేలపాలయ్యాయి.

సాగుడు చేసే పనిని ఒక చిన్న లెక్క స్పష్టం చేస్తుంది. రెండు టన్నుల వాహనం గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నప్పుడు దానిలో సుమారు 7,700 జౌళ్ల గతిశక్తి ఉంటుంది. తాడు బిగిసిన తరువాత ఆ వాహనం 20 సెంటీమీటర్లలో ఆగిపోవలసివస్తే, తాడు మీద సగటున దాదాపు నాలుగు టన్నుల బరువుతో సమానమైన బలం పడుతుంది, అదే 1.8 మీటర్లలో, అంటే తొమ్మిది మీటర్ల బెల్టు ఐదవ వంతు సాగే దూరంలో, నెమ్మదిగా ఆగితే ఆ సగటు నాలుగున్నర క్వింటాళ్లకు మించదు. మొదటి సందర్భంలో కొక్కెం విరుగుతుంది, లేదా చట్రం వంగుతుంది. రెండవ సందర్భంలో వాహనం శక్తి బెల్టులో నిలవచేరి, బెల్టు తిరిగి ముడుచుకునే క్రమంలో దిగబడిన బండిని గట్టుకు తెస్తుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి, లాగే డ్రైవరు కొంచెం ఎక్కువ ఊపు తీసుకుంటే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది.

యుద్ధభూమిలో ఆగిపోయిన వాహనాలను వెనక్కి తెచ్చి బాగుచేయడం వంటి పనులకు బ్రిటిష్ సైన్యం 1942లో ఒక ప్రత్యేక ఇంజనీర్ల విభాగాన్ని ఏర్పాటు చేసింది, భారత సైన్యంలో దాని వంటిది 1943లో ఏర్పడింది. నేడు ఈఎంఈ అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ విభాగపు సాంకేతిక కళాశాల సికింద్రాబాదులో ఉంది. వాహనాల రికవరీని ఆ విభాగం ఒక శాస్త్రంగా, లెక్కకట్టి చేయవలసిన పనిగా చూస్తుంది. వాహనం బరువెంత, నేల పట్టు ఎంత, వాలు ఎంత, కప్పీలు ఎన్ని కావాలి అన్నవి తేలాకనే తాడు బిగించడం సైనిక రికవరీ పద్ధతి. నైలాన్ బెల్టు పౌరుల చేతికి వచ్చినప్పుడు బెల్టు వచ్చింది గాని ఈ లెక్క వెంట రాలేదు.

ఈ లోటు ఆస్ట్రేలియాలో అన్నింటికన్నా స్పష్టంగా బయటపడింది. ఎడారులు, సముద్రతీరపు ఇసుక, వానకు చిత్తడి అయ్యే మట్టిదారులు ఉన్న ఆ దేశంలో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో దూరప్రయాణాలు చేయడం గత శతాబ్దం చివరి దశాబ్దాలలో సామాన్య కుటుంబాల అలవాటు అయింది, బండిలో ఒక స్నాచ్ స్ట్రాప్ ఉండటం మామూలయింది. ప్రమాదం సాధారణంగా బెల్టు తెగడం వల్ల కాదు, బెల్టును తగిలించిన ఇనుము విరగడం వల్ల జరిగింది. ట్రెయిలర్‌ను లాగడానికి బండి వెనుక అమర్చే గుండ్రని టో బాల్ నిలకడైన లాగుడు కోసం చేసినది. స్నాచ్ కుదుపుకు దాని మెడ విరిగితే, బెల్టులో నిలవున్న శక్తి ఆ ఇనుప గుండును ఒడిసెల రాయిలా విసిరి, ఎదుటి బండి అద్దం లోంచి లోపలికి పంపుతుంది. ఇటువంటి మరణాల తరువాత ఆస్ట్రేలియా ప్రభుత్వం 2010లో రికవరీ బెల్టులకు తప్పనిసరి భద్రతా నియమం తెచ్చి, ప్రతి బెల్టు మీద దాని కనిష్ఠ తెగుడు బలం, అంటే ఎంత బరువులోపు తెగదని తయారీదారు హామీ ఇస్తున్నాడో ఆ అంకె, దానితోపాటు హెచ్చరికలు ముద్రించాలని శాసించింది. వాటిలో ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క ప్రమాదం నుంచి పుట్టినట్టు కనబడుతుంది.

బెల్టు ఎంపికకు ఆ నియమం సూచించిన కొలత చాలామంది ఊహకు భిన్నమైనది. తెగుడు బలం రెండు వాహనాలలో తేలికైన దాని నిండు బరువుకు, అంటే ప్రయాణికులు, సామాను సహా అనుమతించిన గరిష్ఠ బరువుకు, రెండు నుంచి మూడు రెట్లు ఉండాలి. నిండు బరువు రెండున్నర టన్నులైతే ఐదు నుంచి ఏడున్నర టన్నుల బెల్టు సరిపోతుంది. బలం ఎక్కువైతే మరీ మంచిది కదా అనుకుని లారీకి సరిపడే బెల్టును చిన్న జీపుకు తగిలిస్తే, ఆ బరువుకు అది సాగదు. సాగని బెల్టు గొలుసుతో సమానం. బలం తక్కువైతే తెగుతుంది. రాక్స్‌బర్గ్ నాటి నుంచి తాడును తెగుడు బలంతోనే అంచనా వేసిన అలవాటును ఇక్కడ వదులుకోవలసి వస్తుంది, బహుశా అందుకే ఈ కొలత వాడుకలోకి దిగడం ఇంత కష్టమవుతున్నది.

చూడటానికి ఒకేలా ఉండే పట్టీలన్నీ ఒకే పనికి పుట్టినవి కావు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు కనుగొన్న పాలియెస్టర్ తక్కువగా సాగుతుంది. దానితో నేసిన పట్టీ పాడైన బండిని రోడ్డు మీద నెమ్మదిగా లాక్కువెళ్లడానికి, చెట్టు మొదలుకు చుట్టి వించ్ తాడుకు ఆధారం చేయడానికి తగినది, కుదిపి లాగడానికి తగనిది. వించ్ అంటే తాడును చుట్టుకుంటూ లాగే యంత్రపు చుట్టు. 1979లో నెదర్లాండ్స్‌లో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా రూపొందించిన పద్ధతితో వచ్చిన, డైనీమా అనే వ్యాపారనామంతో ప్రసిద్ధమైన పాలిథిలిన్ దారం నీటి మీద తేలేంత తేలిక, అదే బరువు ఉక్కుకన్నా ఎన్నోరెట్లు బలం. దాదాపు సాగదు కాబట్టి అది వించ్‌కు, ఇనుప షాకిల్ స్థానంలో వాడే మెత్తని అల్లిక షాకిల్‌కు పనికివస్తుంది. బెల్టు కన్నును బండికి బిగించే, అడ్డంగా పిన్ను ఉన్న లంకెనే షాకిల్ అంటారు. విరిగినప్పుడు అల్లిక షాకిల్ ఇనుప ముక్కలా దూసుకుపోదు గనుక ఈ మార్పు స్వాగతించదగినది. మన బజార్లలో దొరికే కొన్ని లాగుడు తాళ్ల చివర సన్నని కొక్కేలు ఉంటాయి, తాడు ఎంత మోస్తుందన్న అంకె ఎక్కడా ఉండదు. అటువంటి వాటిని కొనకపోవడమే మేలు.

వాడుకలో పాటించవలసినవి కొన్నే. బెల్టును చట్రానికి బోల్టులతో బిగించిన, తగిన సామర్థ్యం ఉన్న కొక్కేనికి మాత్రమే తగిలించాలి. బంపరుకు గాని, ఓడలోనో లారీలోనో బండిని కదలకుండా కట్టడానికి ఇచ్చిన కన్నాలకు గాని, టో బాల్‌కు గాని కాదు. రెండు బెల్టులను కలపవలసివస్తే మధ్యలో ఇనుప షాకిల్ పెట్టకూడదు, ఎందుకంటే బెల్టు తెగిననాడు అది తూటా అవుతుంది. నడుమ తడి గోనెసంచి వంటి బరువైన గుడ్డ కప్పితే తెగిన బెల్టు ఎగసిరావడం కొంత తగ్గుతుంది. బెల్టు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలోపల, అంటే తొమ్మిది మీటర్ల బెల్టుకు పదమూడున్నర మీటర్లలోపల, బండ్లలోని డ్రైవర్లు తప్ప ఎవరూ ఉండరాదు. బండి దిగబడితే గుమిగూడి తలా ఒక చేయి వేయడం మన ఊళ్ల సహృదయత. బెల్టు బిగించిన తరువాత మాత్రం ఆ సహృదయతతో దూరంగా నిలబడాలి. రెండు మూడు మీటర్ల వదులు ఉంచి, మొదటి గేరులోనే నిదానంగా కదలాలి. ఒక లాగుడుకూ మరొక లాగుడుకూ మధ్య బెల్టుకు చల్లబడి, ముడుచుకునే వ్యవధి ఇవ్వాలి. నైలాన్ నానితే బలం తగ్గుతుంది, ఎండకు పెళుసవుతుంది, పోగుల మధ్య చేరిన ఇసుక రేణువులు లోపలి నుంచే దాన్ని కోస్తాయి; కనుక వాడిన తరువాత కడిగి, నీడలో ఆరబెట్టి దాచాలి.

తెలుగు పల్లెల్లో ఈ విషయం జీపుల కన్నా ట్రాక్టర్లకు ఎక్కువగా వర్తిస్తుంది. దమ్ము చేస్తున్న వరిమడిలోనో, గోదావరి, కృష్ణా ఇసుక రేవులలోనో దిగబడిన ట్రాక్టరును మరొక ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగడం నిత్యం కనబడే దృశ్యం. గొలుసుకు సాగుడు లేకపోవడం ఒక ప్రమాదమైతే, దాన్ని వెనుక ఇరుసుకు గాని, అంతకన్నా పైనున్న భాగానికి గాని కట్టడం మరొకటి. చక్రాలు బిగుసుకుని ఇంజను బలం ముందుకు పోలేకపోతే, ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరిగి ముందు చక్రాలు లేచి, రెండు సెకన్లు పట్టకముందే డ్రైవరు మీదికి వెల్లకిలా పడుతుంది. ఇరుసుకన్నా కిందుగా తయారీదారు అమర్చిన డ్రాబార్‌కు మాత్రమే తగిలించడం, అంతకుముందు ట్రాలీని విప్పి, చక్రాల ముందు మట్టి తవ్వడం డ్రైవరు ప్రాణాన్ని కాపాడతాయి.

కుట్టు విడిన, అంచు కోసుకుపోయిన, ఎండకు రంగు వెలిసి గట్టిపడిన బెల్టును గ్యారేజీ మూలలో పడేసి ఉంచితే, అవసరం పడిన రోజున ఎవరో ఒకరు దాన్ని అందుకుంటారు. ట్రాక్టర్లు, జీపులు, లారీలు నడిపేవారంతా అటువంటి బెల్టును ఇక ఎవరూ వాడలేని విధంగా ముక్కలుగా కోసి పారవేయాలి.